పక్క చేలో మందు

నరసరావుపేటలో మా అత్తగారింటి వెనక ఒకప్పుడు పత్తి నిల్వ చేసిన గోడౌను ఉంది. ఇప్పుడు అందులో కుట్టు మిషన్లు నడుస్తున్నాయి. మా అత్తింటివాళ్లు తరాలుగా పత్తి వ్యాపారం చేసినవాళ్లు. నేను కోడలిగా వచ్చాక, కామర్స్ చదువుకున్నానన్న ధైర్యంతో ఆ గోడౌనులో గుడ్డ సంచులు కుట్టించి విదేశాలకు పంపడం మొదలుపెట్టాను. పురుగుమందు కొట్టకుండా పండించిన పత్తితో కుట్టే సంచులవి. అలా పండించినట్టు సర్టిఫికెట్ ఉంటేనే వాటికి అక్కడ గిరాకీ.

గురజాల దాటాక ఒక ఊళ్లో కొందరు రైతులు గ్రూపుగా చేరి అలా పండిస్తారు. వాళ్ల పత్తి మేమే కొని, జిన్నింగ్ మిల్లులో విడిగా గింజ తీయిస్తాం. తమిళనాడులో నూలూ గుడ్డా అయి, ఆ పత్తే మళ్లీ మా గోడౌనుకి వస్తుంది.

మావయ్యగారికి ఈ వ్యవహారం మీద మొదట్లో బొత్తిగా గురి లేదు. జీవితమంతా పత్తిని చేత్తో పట్టుకుని పింజె పొడవు చెప్పిన మనిషి ఆయన. సంచికి కట్టే అట్టముక్క మీద నేను వేయించిన పచ్చ ఆకు బొమ్మా, దాని కింద ‘భూమికి మేలు చేసే సంచి’ అన్న ఇంగ్లీషు ముక్కా చూసి నవ్వారు.

“పచ్చ రంగేస్తే తుమ్మచెట్టు వేపచెట్టవుద్దా అమ్మాయ్?” అన్నారు.

ఆ మాట నాకు అప్పుడు గుచ్చుకుంది. తర్వాత కొన్నాళ్లకి అదే మాట ఇంకోరకంగా యూరప్ నుంచి వచ్చింది. మా సంచులు కొనే ఆవిడ అక్కడ ఒకే పేరుతో కొన్ని చిన్న దుకాణాలు నడుపుతుంది, దాదాపు నా ఈడుదే. ఫోన్ చేసి, తమ దగ్గర చట్టాలు బిగుస్తున్నాయనీ, ‘భూమికి మేలు’, ‘ప్రకృతికి నేస్తం’ లాంటి మాటలు ఊరికే రాస్తే ఇక ఒప్పుకోరనీ చెప్పింది. ఆకుపచ్చ మాటలతో సరుకు అమ్మేసేవాళ్లు ఎక్కువైపోయి, జనం నిజమైనదాన్ని కూడా నమ్మడం మానేశారట. “రాసిన ప్రతి మాటకీ రుజువుండాలి” అంది. ఉంటుందని గట్టిగా చెప్పాను. మా రైతులు అబద్ధమాడరని నాకు తెలుసు.

ఆ ఏడు మొదటి తీత పత్తి బాగా వచ్చింది. గ్రూపు మొత్తం పత్తి మిల్లులో మాకిచ్చిన గదిలో ఒకే కుప్పగా పోసి, గింజ తీసే వంతు కోసం చూస్తున్నాం. అలాంటి సమయంలో ఒక పొద్దున ఆ గ్రూపు పెద్ద మా ఇంటికొచ్చింది.

ఆమె గురించి చెప్పాలి. నాకంటే పెద్దది, నేను అక్కా అంటాను. భర్త పిడుగురాళ్ల సున్నం బట్టీల నుంచి లారీ తోల్తాడు, వారంలో సగం రోజులు రోడ్డు మీదే. సేద్యం అంతా ఆమెదే. మాట కరుకు, మనసులో ఏదీ దాచుకోదు. గ్రూపులో మగవాళ్లు కూడా ఆమె అరిస్తే సర్దుకుంటారు. అలాంటి మనిషి ఆ రోజు గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి రాకుండా నిలబడిపోయింది.

“నా పత్తి తీసెయ్ చెల్లే. మిగతా వాటిల్లో కలపమాక” అంది.

“ఎందుకక్కా? ఏమైంది?”

“మా పక్క చేనోడు డ్రోనుతో మందు కొట్టిచ్చాడంట. నేను మా ఆయనకి ఒంట్లో బాలేదని వినుకొండ ఆసుపత్రిలో ఉన్నా ఆయాల. గాలి మా వైపే ఉందంట. నిన్న వాడి పెళ్లామే మాటల్లో అంది. అప్పటికే మొదటి తీత నీకు తోలేశా.”

ఆమె పత్తి తీసెయ్యడానికి అది విడిగా ఉంటేగా? అందరిదీ కలిసిపోయింది. ఆ మాట చెప్పగానే ఆమె గుమ్మంలోనే కూలబడింది. అది అంతదాకా ఆమెకి తెలియదు. తనొక్కదాని పత్తి పోతుందనుకుని వచ్చింది, ఊరందరిదీ పోతుందని అప్పుడే తెలిసింది.

హాల్లో పేపరు చదువుతున్న మావయ్యగారు అంతా విన్నారు. లేచి వచ్చి, “నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలిసేదమ్మా?” అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని.

“ఊళ్లో అందరికీ తెలుసు షావుకారు గారూ. ఎప్పుడో ఒకప్పుడు బయటకొచ్చుద్ది. అప్పుడు నా గ్రూపోళ్లందరూ దొంగలవుతారు. ఇప్పుడైతే పత్తొక్కటే పోద్ది.”

మావయ్యగారు ఆమెకి మంచినీళ్లు తెమ్మని నాకు సైగ చేశారు.

సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకి ఆ మధ్యాహ్నమే చెప్పాను. వాళ్ల మనిషి వచ్చి కుప్పలోంచి నమూనా తీసి ల్యాబుకి పంపాడు. ఫలితం కోసం చూస్తున్న రోజుల్లో, ఎలా తెలిసిందో గానీ ఒక బ్రోకరు ఫోన్ చేశాడు. “కాయితాల సంగతి నేను చూసుకుంటా మేడం, మీరు సరుకు ఆపమాకండి” అన్నాడు. స్పీకరులో ఉన్న ఫోను మావయ్యగారు అందుకుని, “మాకు పత్తి ఎట్టా అమ్మాలో తెలుసు బాబూ, కాయితాలు అమ్మడం రాదు” అని పెట్టేశారు. పచ్చ ఆకుని చూసి నవ్విన మనిషి నా పక్షాన మాట్లాడటం అదే మొదలు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయాను.

కుప్పలో మందు ఆనవాళ్లు ఉన్నాయని ల్యాబు తేల్చింది. ఆ పత్తంతా మామూలు పత్తిగా మార్కెట్లో అమ్మాల్సి వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి ఊరెళ్తుంటే మావయ్యగారు కూడా కారెక్కారు. రామాలయం అరుగు మీద గ్రూపంతా కూర్చుంది. అక్క ఒక మూలన, తల వంచుకుని. నేను చెప్పడం పూర్తికాకముందే ఒకతను లేచాడు.

“ఏంది ఇది? మేం ఆకులూ అలములూ నూరి, కషాయాలు కాచుకుని ఏడాదంతా చస్తిమి. ఈమె నోరు మూసుకుని ఉంటే ఏం పోయేది?”

ఎవరినైనా అరిచి సర్దే అక్క ఆ మాట పడింది. మిగతావాళ్లు కూడా తలో మాటా అన్నారు. ఎక్కువ వస్తుందన్న ఆశతోనే కదా వాళ్లంతా ఇందులోకి దిగింది, వాళ్ల కోపం తప్పని అనలేను. రెండో తీత పత్తి, అక్క చేనుది తప్ప, ముందు పరీక్ష చేయించి తీసుకుంటానని చెప్పాను.

ఈలోపు మావయ్యగారు కనబడలేదు. వెతికితే పక్క చేను రైతు ఇంటి ముందు మంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నారు.

“నా పురుగు నాది, నా మందు నాది. గాలి కూడా నాదేనా షావుకారు గారూ?” అంటున్నాడు ఆ రైతు.

“గాలి నీది కాదురా అబ్బాయ్. కానీ ఫోను నీదేగా. మీ నాన్న పత్తి తెచ్చేటప్పుడు తడి ఉంటే ముందే చెప్పేవాడు, నేను తడిమి చూసేదాకా ఆగేవాడు కాదు. కొట్టేముందు ఆ పక్క చేను అమ్మాయికి ఒక ఫోను చెయ్. గాలి అటు ఉంటే ఒక పూట ఆగు.”

అతను అంతా విని చివరికి, తన వైపు గట్టు పొడుగునా కొన్ని సాళ్లు జొన్న వేస్తానన్నాడు. జొన్న ఎత్తుగా పెరిగి మందు తుంపర అటు పోకుండా అడ్డం ఉంటుంది. ఎవరూ అడగని మాట అది, అతనంతట అతనే అన్నాడు. అతనిమీద అంతదాకా నా మనసులో ఉన్న కసి అక్కడే పోయింది.

యూరప్ ఆవిడకి చెప్పడం అన్నిటికంటే కష్టమనిపించింది. వీడియోలో ఆవిడ ముఖం చూస్తూ జరిగింది జరిగినట్టు చెప్పాను. అడిగినన్ని సంచులు రావనీ, వచ్చేవి కూడా ఆలస్యమవుతాయనీ చెప్పాను. ఆవిడ మెచ్చుకోలేదు, ఓదార్చలేదు. ఆలోచించుకుని చెబుతానని కాల్ పెట్టేసింది. ఆర్డరు పోయిందనుకుని కుట్టే ఆడవాళ్లకి వేరే పని ఏం చూపించాలా అని లెక్కలేసుకోసాగాను.

మర్నాడు ఆవిడే చేసింది. “నా దగ్గరికి వచ్చే కాగితాలన్నీ ఎప్పుడూ శుభ్రంగానే ఉంటాయి. నేను అడగకముందే తమ సరుకులో లోపం చెప్పినవాళ్లలో నువ్వే మొదలు. ఉన్నంతే పంపు. మిగతావి మామూలు పత్తితో కుట్టు, కానీ వాటిమీద ఏ గొప్పలూ రాయకు” అంది.

ఆ అట్టముక్క మళ్లీ రాయడానికి కూర్చుంటే ఎంతకీ తెమల్లేదు. ఆకు బొమ్మ తీసేశాను. భూమికి మేలన్నదీ తీసేశాను. మిగిలింది ఏ జిల్లాలో పండిన పత్తి, ఏం కొట్టకుండా పండించారు, ఎవరు తనిఖీ చేశారు, అంతే. కుట్టే దారంలో పాలిస్టర్ ఉందని కూడా వేశాం. మావయ్యగారు కళ్లజోడు పెట్టుకుని చూసి, నా చేత తెలుగులో చెప్పించుకుని, “ఇప్పుడు బాగుంది. పత్తి బేలుకి కట్టే చీటీలాగే ఉంది” అన్నారు. ఆయన నోట అంతకంటే మెప్పు నేనెరగను.

ఊళ్లో కోపం చల్లారడానికి టైం పట్టింది. రెండో తీత పరీక్షలో నెగ్గి, దానికి తగ్గ ధర అందాక కొందరు మెత్తబడ్డారు. అరుగు మీద అందరికంటే పెద్దగా అరిచినతను తర్వాతి పంటకి, డ్రోను చప్పుడు వినబడితే చాలు, అక్కకి మొదటి ఫోన్ చేసేవాడయ్యాడు. సర్టిఫికెట్ కావాలంటే చేను ఇన్నేళ్లని మందు లేకుండా ఉండాలి, ఆమె చేనుకి ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి. ఆ గడువు పూర్తయ్యేదాకా ఆమె పత్తికి సర్టిఫికెట్ లేదు. అయినా ఒక్క చుక్క మందు కొట్టలేదు. ఆమె పత్తిని మేము మామూలు సంచులకి కొంటున్నాం. పెద్దరికం వద్దని ఆమె అంటే, గ్రూపువాళ్లే వదల్లేదు.

మొన్నటి పంటకి యూరప్ ఆవిడ చూడటానికి వచ్చింది. వచ్చీ రాగానే ఆ రోజు నిజం చెప్పిన మనిషిని చూడాలంది. ఎర్రటి ఎండలో గట్టు మీద వాళ్లిద్దర్నీ నిలబెట్టి, నేను మధ్యన మాటలు చేరవేశాను.

“ఎవరూ అడగకుండా ఎందుకు చెప్పావు అని అడుగుతోంది అక్కా.”

అక్క ఆవిడని కిందనుంచి మీదదాకా చూసింది.

“ఈమెగారి ఊళ్లో పత్తి పండుద్దా?”

“పండదంట.”

“అదీ సంగతి. పాపం, అందుకే అడుగుతాంది” అని, ఆవిడ చెయ్యి పట్టుకుని సాలులోకి తీసుకుపోయింది. పగిలిన కాయ ముల్లు గుచ్చుకోకుండా దూదిని ఎట్టా లాగాలో చూపించింది. ఆవిడ రెండుసార్లు గుచ్చించుకుని, చివరికి ఒక కాయ పూర్తిగా తీసి, గెలిచినట్టు నా వైపు ఎత్తి చూపింది. అక్క పడీపడీ నవ్వింది.

గట్టు మీద నిలబడి వాళ్లని చూస్తుంటే, పంట మోసిన ఈ మట్టికీ, మాట మోసిన ఈ మనుషులకీ ఎంత రుణపడ్డానో అనిపించింది. ఇద్దరికీ చెరో భాషలో చెబుదామనుకున్నాను. అక్క అప్పటికే ఇంకో సాలు చూపించి, “నువ్వక్కడ నిలబడి ఏం చేస్తన్నావ్? రా, ఎండ ముదరకముందే ఈ సాలు తీద్దాం” అని కేకేసింది. కొంగు నడుముకి దోపుకుని నేనూ దిగాను.