రజిత తీసేసిన వరుస

ఇన్నేళ్లుగా ఎవరితోనూ అనలేక లోపలే కుములుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో అనగలుగుతున్నాను.

ఆర్మూర్‌లో మా పసుపు కమీషన్ దుకాణం పైగదే నా ఆఫీసు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ప్రాణమైన కెర్నెల్‌లో, నెట్‌వర్క్ భాగానికి ఎవరెవరో పంపే మార్పులను చదువుతాను. నేను సరేనంటేనే అవి ముందుకు పోతాయి. ఆ కాస్త పెత్తనం మీద నాకెంత మోజో అప్పట్లో తెలియలేదు.

రజితది నందిపేట్ దగ్గరి ఊరు. ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం దొరక్క, షేర్ ఆటోలో వచ్చి నా దగ్గర పని నేర్చుకునేది. తన మొదటి మార్పు పంపింది. నెట్ తెగి మళ్లీ కలిసినప్పుడల్లా కంప్యూటర్ మెమరీ కొంత ఖాళీ కాకుండా ఇరుక్కుపోతోందని పట్టుకుని సరిచేసింది. ఏ పాత మార్పు వల్ల తప్పు వచ్చిందో దిద్దుబాటు కింద ఒక వరుస రాయడం మా పద్ధతి. రాసింది. ఆ పాత మార్పు నాది.

ఒళ్లు మండింది. కోడ్‌లో పదాల మధ్య ఖాళీలు సరిగ్గా లేవన్నాను, మార్చి పంపింది. వివరణ బాగాలేదన్నాను, మళ్లీ రాసింది. పదిమందీ చదివే చోటే ఇదంతా. నేను నిక్కచ్చి మనిషినని అనుకున్నారు. నిక్కచ్చితనమేనా అది? నా దగ్గర నేర్చుకునే పిల్ల నా తప్పును లోకానికి చూపించడం ఓర్చుకోలేక, ఆమె చేత పనికిరాని చాకిరీ చేయిస్తూ, దానికి నాణ్యత అని పేరు పెట్టుకున్నాను.

చివరికి తనకే అర్థమైంది. గది గుమ్మంలో నిలబడింది.

"అన్నా, గా లైన్ తీసేసిన. మీ పేరు ఏడ గనవడది. ఇగ పంపాల్నా?"

"లైన్ లేకుంటే ఎట్ల తీసుకుంటరు? రూల్ రూలే."

"గట్లనే అన్నా" అని బ్యాగు తీసుకుని మెట్లు దిగిపోయింది. మళ్లీ రాలేదు.

కొన్నాళ్లకు ఆ దిద్దుబాటును నా పెద్ద మార్పులో కలిపేశాను. ఆమె పేరు రాయలేదు, ఆ వరుసా రాయలేదు. నన్ను మెచ్చుకున్నారు.

రజిత ఇప్పుడు బాల్కొండలో జిరాక్స్ దుకాణం నడుపుతోంది. ఆ కంప్యూటర్ పని ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే, తనకు చాతకాలేదని చెబుతుందట. ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం సహించడం లేదు.

చాతనైంది. మొదటిసారి పంపినప్పుడే అంతా సరిగ్గా ఉంది. చదివిన రోజే నాకు తెలుసు. ఈ మాట ఆమె ముందు అనే ధైర్యం ఇంకా రాలేదు. ఇక్కడ అన్నందుకే గుండె తేలికైంది. అలా తేలికైనందుకు సిగ్గుగా ఉంది.