అత్త రాసింది అది కాదు

పోయిన మంగళవారం పొద్దున మా మేనత్త చనిపోయింది. పాలప్యాకెట్టు తీసుకుందామని తలుపు తెరిచి, గడప మీదే కూలబడిపోయిందట. "మీ అత్త లేదు నాయనా, బిన్నా రా, ఆలస్యం చెయ్యొద్దు" అని ఎదురింటావిడ ఫోన్ చేసింది. నేనుండే మూలకుళం నుంచి ఆమె ఇల్లున్న రెడ్డియార్‌పాళయం చేరేసరికి ఆమెను చాప మీద పడుకోబెట్టేశారు. మధ్యాహ్నం ఆమె పనిచేసిన శాఖ నుంచి పెద్ద పూలమాల వచ్చింది. తెచ్చిన అధికారి చేతులు కట్టుకుని, మేడం సేవలు మరువలేనివి అన్నాడు. మూడేళ్ల కిందట ఆమె రాతను ఊళ్లో ఎవరూ చదవకుండా చేసిన శాఖ అది. ఆ మాలను ఆమె మీద వేయనివ్వలేదు నేను. పోయినవాళ్ల గురించి చల్లగా నాలుగు మాటలు రాయాలని నాకూ తెలుసు. కానీ ఆమె గురించి చల్లగా రాస్తే అది ఆమె గురించి రాసినట్టు కాదు.

అత్త ముప్పై ఏళ్లు ప్రభుత్వ ప్రయోగశాలలో తాగునీళ్లు పరీక్షించే పని చేసింది. మామ చాలా ముందే పోయాడు, పిల్లలు లేరు. ఎవరింటికి వెళ్లినా గ్లాసుడు నీళ్లిస్తే ముందు వాసన చూసేది, తర్వాత కిటికీ వైపు పట్టి చూసేది, ఆ తర్వాతే తాగేది. పెళ్లిళ్లలో కూడా ఇంతే. దానికి ఎంతమంది వియ్యపురాళ్లు మూతి ముడిచారో లెక్కలేదు. "కంటికి తేటగా ఉండేదంతా మంచిది కాదురా" అనేది నాతో. మనుషుల గురించి కూడా అదే మాట అనేది.

ఆమె రిటైరైన తర్వాతి ఏడాది సునామీ వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లకు, సముద్రపొడ్డున జాలర్ల పేట వైతికుప్పం నుంచి బుట్టలో చేపలు తెచ్చే ఆవిడ వరసగా రెండు వారాలు రాలేదు. మూడో వారం వచ్చి, ఇంట్లో పిల్లలందరికీ వాంతులు, విరేచనాలు, వీధంతా అదే పరిస్థితి అని చెప్పింది. అత్త మర్నాడే బస్సెక్కి వెళ్లి, నాలుగు కుళాయిల నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చింది. వంటింటి గట్టు మీద పరీక్ష చేసింది. మురుగు కలిసిన నీళ్లవి. శాఖకు ఉత్తరం రాసింది. అందినట్టు ముద్ర వేసిన కాగితం వచ్చింది, ఇంకేమీ రాలేదు. రెండో ఉత్తరానికి ముద్ర కూడా రాలేదు.

అప్పుడు తన వీధి చివర ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లడం మొదలుపెట్టింది. ఒంటివేలితో టైపు చేసి బ్లాగు పెట్టింది. మా ఇళ్లలో చాలామందిలాగే ఆమెకూ తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. అందుకని మన తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేది. ఊరంతా తమిళం కదా, తమిళంలో రాయొచ్చుగా అని అడిగాను.

"ఉత్తరాలన్నీ తమిళంలోనే కదరా రాసినాను. కోపం మాత్రం నాకు ఇంట్లో మాటలోనే వస్తాది" అంది.

ప్రతి శుక్రవారం ఏ వీధి కుళాయిలో ఏం కనబడిందో, ఎందరు పిల్లలు పడకేశారో రాసేది. మన తెలుగిళ్ల కాలేజీ పిల్లలు చదివి బయట తమిళంలో చెప్పేవాళ్లు. రెండు నెలల్లో టీకొట్టు దగ్గర కూడా అదే మాట.

ఒక శుక్రవారం ఆ పేజీ తెరుచుకోలేదు. తక్కినవన్నీ తెరుచుకుంటున్నాయి, ఇదొక్కటే లేదు. బజారులో ఇంకో సెంటర్‌లో చూశాం, అక్కడా లేదు. మర్నాడు ఇద్దరు మనుషులు వచ్చి సెంటర్ రిజిస్టరు పట్టుకెళ్లారు. ఉత్తర్వు ఏది అని అత్త అడిగితే రహస్యం అన్నారు. ఎవరిచ్చారంటే పైవాళ్లు అన్నారు. సంతకం లేని, ఎవరూ చూడని కాగితం ఒకటి ఆమె నోరు మూసింది. సెంటర్ యజమాని గోడకు బోర్డు తగిలించాడు: ఇక్కడ ప్రభుత్వం గురించి టైపు చేయరాదు. "మీరు కొన్నాళ్లు రాకపోతే మేలమ్మా" అన్నాడు నేల చూస్తూ.

ఇక నా సంగతి. నేను వేరే ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. తెలుగు చదవడం, రాయడం వచ్చిన ఇద్దరు ముగ్గురిలో ఒకణ్ణి. ఆ బ్లాగు కాగితాల కట్ట ఒకటి మా పైఅధికారి బల్ల మీదికి వచ్చింది. "ఇది మీ భాషేనంట గదా, ఇంగ్లీషు చేసి ఇవ్వండి" అన్నాడు. రాసింది మా అత్త అని ఆయనకు తెలీదు. నేను చెప్పలేదు.

అందులో ఒక వాక్యం ఉంది. "ఈ నీళ్లు మంచివని చెప్పే దొరలారా, మీ బిడ్డలకి ఒక చెంబు తాగించి చూపించండి, అప్పుడు నమ్ముతాం." నేను దాన్ని ఇలా మార్చాను: నీటి నాణ్యతను పరిశీలించవలసిందిగా అధికారులకు సవినయ మనవి. ఇలాంటివి ఇంకో ఏడెనిమిది చోట్ల చేశాను. ఆమెను కాపాడుతున్నాననే అనుకున్నాను. నా ఉద్యోగాన్ని కూడా కాపాడుకుంటున్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆమె పాత శాఖవాళ్లే విచారణకు పిలిచినప్పుడు అత్తకు తోడుగా వెళ్లాను. అక్కడి అధికారి నా అనువాదం చదివి నవ్వాడు. "ఇంత మర్యాదగా రాశారు కదమ్మా, దీనికింత గొడవెందుకు? జనాన్ని భయపెట్టినందుకు మన్నించమని ఒక సంతకం పెట్టండి, అయిపోతుంది."

ఆమె ఆ కాగితం తీసుకుని ఇంగ్లీషు మెల్లగా చదువుకుంది.

"నేను రాసింది ఇది కాదు" అంది.

"మీదేనమ్మా."

"కాదు. నేను మనవి చేసుకోలేదు. మీ బిడ్డలకి తాగించి చూపించమన్నాను. అట్లే రాసుకోండి."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆమె సంతకం పెట్టలేదు, పేజీ మళ్లీ తెరుచుకోలేదు. బయటికొచ్చాక మెట్ల మీద ఆగింది.

"నువ్వేనా?"

"నీకేం కాకూడదని, అత్తా."

"వాళ్లు నా నోరు మూసినారు. నువ్వు నా నోట్లో వేరే మాట పెట్టినావు. మూసేస్తే కనీసం నా మాట నాకాడే ఉంటాదిరా."

నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. వారం వారం వైతికుప్పం బస్సెక్కి, కుళాయిల దగ్గర నిలబడి, ఏ నీళ్లు కాచి తాగాలో, ఏవి పారబోయాలో తమిళంలో నోటితోనే చెప్పి వచ్చేది. ఆ నాలుగు నెలలూ నాకు అన్నం సహించలేదని చెప్పను. బాగానే తిన్నాను, బాగానే నిద్రపోయాను. అదే నాకు సిగ్గనిపించింది.

చివరికి ఒక అర్జీ రాశాను. నేను తప్పుగా అనువదించానని, బ్లాగు రాసింది మా మేనత్తేనని, అసలు మాటలు ఇవీ అని వరసగా రాసి, నా పేరుతో మా పైఅధికారికి ఇచ్చాను. నాకు మెమో వచ్చింది, ఆ ఏడు రావలసిన పదోన్నతి పోయింది. అర్జీ నకలు అత్తకు తీసుకెళ్లి చదివి వినిపించాను. అంతా విని, ఒకచోట ఆపి మళ్లీ చదవమంది.

"ఇప్పుడొచ్చినాది నీకు తెలుగు" అంది. తర్వాత కూచోమని చెప్పి కాఫీ పెట్టింది.

మరుసటి వేసవిలో వైతికుప్పంలో కొత్త గొట్టాలు వేశారు. పెద్ద బ్యానరు కట్టి, దండలేసుకుని ఫొటోలు దిగారు. పాత నీళ్ల గురించి ఒక్క మాట లేదు. వినేవాళ్లు లేని మాట ఊరికే పోదని అత్త నమ్మేది. నేను నమ్మను. ఎవరో ఒకరు బస్సెక్కి వెళ్లి చెప్పబట్టే అది పోలేదు.

మంగళవారం సాయంత్రం పాడె లేచేసరికి వైతికుప్పం ఆడవాళ్లు ముప్పై మంది దాకా వచ్చారు. మా ఇళ్లలో ఆడవాళ్లు వీధి మలుపు దాకే వచ్చి ఆగిపోతారు. "ఇంక చాలు, ఇంటికి పొండి" అని మా పెద్దవాళ్లు చెప్పారు. వాళ్లు ఆగలేదు. మెయిన్ రోడ్డు మీదికి కూడా వచ్చేశారు, రోడ్డు నిండా పరుచుకుని మెల్లగా నడుస్తున్నారు. వెనక ప్రభుత్వ జీపు ఒకటి ఇరుక్కుపోయి హారన్ కొడుతోంది. ఆడవాళ్లలో ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు, పక్కకు జరగలేదు. శ్మశానం మలుపు దాకా జీపు వాళ్ల వెనకాలే, వాళ్ల నడకలోనే వచ్చింది.