ఉత్త బ్యాగు బరువు

మా లెక్కల సారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున జగిత్యాల బస్టాండులో చాయ తాగుతుంటే కోరుట్ల నుంచి మా బాపు ఫోన్ చేశాడు. "సారు పోయిండురా. పొద్దుగాల చాయ తాగి కుర్చీల కూసున్నడట. అట్లనే..." అని ఆగిపోయాడు. నా చేతిలో ఉన్న చాయ చల్లారిపోయింది. చాయ విషయంలో నేను అట్లాంటి నిర్లక్ష్యం ఎన్నడూ చేయలేదని పాఠకులకు మనవి.

ఇట్లాంటి వ్యాసాల్లో 'తీరని లోటు' అని రాయాలంటారు. సారు దాన్ని ఒప్పుకోరు. "లోటు ఎంత? దేనికంటే తక్కువ? అటుదిక్కు ఏం రాసినవు?" అని ఎర్ర పెన్నుతో కొట్టేస్తారు. ఎక్కువ-తక్కువ గుర్తుకు రెండు వైపులా ఏదో ఒకటి ఉండాలన్నది ఆయన పట్టు. కాబట్టి ఆ మాట తీసేసి, నాకు తెలిసినంత రాస్తున్నాను.

సారు పుట్టింది సిరిసిల్లలో, సాంచాల నడుమ. మరమగ్గాల చప్పుడును దాటి వినబడాలని చిన్నప్పుడే గొంతు పెంచుకున్నారట. కోరుట్లలో మా ఏడో తరగతి గదికి ఆ గొంతు కొంచెం పెద్దదైంది. గోడ అవతలి ఆరో తరగతి వాళ్లు మా పాఠం కూడా నేర్చేసుకున్నారు. మాకంటే వాళ్లకే బాగా వచ్చిందని మరుసటి ఏడాది తేలింది.

సమాజంలో అసమానతలు ఉన్నాయని పెద్దలంటారు. ఏడో తరగతి లెక్కల పుస్తకంలో ఉన్నాయని నేను సాక్ష్యం చెబుతాను. రెండు వైపులా రుణసంఖ్యతో భాగిస్తే గుర్తు తిరగబడాలి. తిప్పడం మరిచినవాడు లేచి, గుర్తుకు బదులు తానే తిరిగి, వెనక గోడను చూస్తూ నిలబడాలి. ఆ గోడ మీద సున్నం ఎక్కడెక్కడ ఊడిందో ఆ బడిలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

రాత లెక్క ఇస్తే ముందు మాటల కింద గీతలు గీయించేవారు. "'కనీసం' అంటే గా అంకె కూడ లోపలికే. 'మించొద్దు' అన్నా లోపలికే. 'కంటే తక్కువ' అంటే దాన్ని బయట నిలబెట్టు." జవాబు వచ్చాక పుస్తకం మూయనిచ్చేవారు కాదు. "పెట్టి చూడు" అనేవారు, అంటే వచ్చిన అంకెను తిరిగి లెక్కలో పెట్టి చూడాలి. బడి బయట కూడా ఇదే వరస. వయసు అడిగితే, "యాభై కంటే ఎక్కువ, అరవైకి మించలే, నడుమ ఏడనన్న పెట్టుకో" అనేవారు. సారు ఇంటావిడ "ఇంకెంత అన్నం పెట్టాలె?" అంటే ఏమనేవారో రాయను. ఆమెకు నేనంటే ఇప్పటికీ మంచి అభిప్రాయం ఉంది.

మా సందులో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండేవాళ్లు. ఎవరు బయలుదేరినా మంచి గడియ చూడడానికి అయ్యగారు, బరువు చూడడానికి సారు. కొక్కేనికి వేలాడదీసే కాంటా ఒకటి ఆయన దగ్గర ఉండేది. పిలిస్తే భుజం మీద వేసుకొని వచ్చి, బ్యాగు జోకి బరువెంతో చెప్పి పోయేవారు.

నేను ఏడో తరగతిలో ఉండగా బాపు సెలవు ముగించుకొని మళ్లీ దుబాయి బయలుదేరాడు. బ్యాగు ముప్పై కిలోలు మించొద్దు. అంతకుముందుసారి ఎయిర్‌పోర్టులో బరువు ఎక్కువైతే, ఊరోళ్లు పంపిన డబ్బాలు తీయడానికి చేతులు రాక, అమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు డబ్బాలనే అక్కడి చెత్తబుట్ట పక్కన పెట్టి పోయాడు. రెండు నెలల తర్వాత ఫోన్‌లో ఆ సంగతి చెప్పాడు. ఆ ఏడాది అమ్మ తొక్కు పెట్టలేదు.

ఈసారి మళ్లీ పెట్టింది. "బట్టలు, సామాను పద్దెనిమిది కిలోలైనయి. డబ్బా రెండు కిలోలు. ఎన్ని డబ్బాలు పడుతయో జెర చెప్పురా" అని నన్నడిగింది. ఇంట్లో నన్ను లెక్క అడగడం అదే మొదలు. పద్దెనిమిది, దానికి రెండు x కలిపితే ముప్పై మించొద్దు. x ఆరు మించొద్దు. "గరిష్ఠంగా ఆరు" అని తీర్పు చెప్పాను. అమ్మవి రెండు, సందులోని ఆడవాళ్లు తమ మగవాళ్లకు పంపుతున్నవి నాలుగు, మొత్తం ఆరు డబ్బాలు బ్యాగులోకి ఎక్కాయి.

తెల్లారి హైదరాబాద్ పోయే జీపు వాకిట్లో ఉంది. సారు వచ్చారు. రోకలికి కాంటా కట్టి, ఒక కొస ఆయన, ఒక కొస బాపు భుజాన పెట్టుకొని లేపారు.

ముప్పై నాలుగు.

"ఏమ్రా పండితా!" అన్నాడు బాపు.

"నేను కరెక్టే చేసిన" అని నోట్‌బుక్ తెచ్చి సారుకు చూపించాను.

సారు చూశారు. "చేసుడు కరెక్టే. ఇందుల బ్యాగేది?"

"గదే గద సార్, మీ ముంగట ఉన్నది."

"ముంగట ఉన్నదిరా. లెక్కల ఏది?"

ఉత్త బ్యాగే నాలుగు కిలోలు. దాన్ని నేను రాయనే లేదు.

అప్పటికే అమ్మ జిప్పు తీసి తన రెండు డబ్బాలు బయట పెడుతోంది. ఎదురింటి అక్క "నాది తియ్యిండ్రి వదినె, ఏం గాదు" అంది గాని, తన డబ్బా మీద పెట్టిన చెయ్యి మాత్రం తీయలేదు. బాపు గోడ వైపు చూశాడు.

"ఆగు చెల్లె" అన్నారు సారు. "డబ్బాలు లోపట పెట్టు. లెక్క ఇంక అయిపోలే. కొడుకా, ఆరు డబ్బాలు పోవాలె. ఒక్కటి తీయద్దు. ఇప్పుడు తెల్వనిది ఏంది?"

కొంచెం ఆలోచించాను. "ఒక్కో డబ్బా ఎంత ఉండాల్నో గది."

"డబ్బా బరువు?"

"తొక్కుతోని కలిపే సార్." ఈసారి మరిచిపోలేదు.

రాశాను. బ్యాగు, సామాను కలిపి ఇరవై రెండు, దానికి ఆరు w కలిపితే ముప్పై మించొద్దు. ఆరు w ఎనిమిది మించొద్దు. w ఒకటి పాయింట్ మూడు మూడు మూడు...

"ఒకటి పాయింట్ మూడు అయిదు చేద్దామా సార్? సాపుగ ఉంటది."

"పెట్టి చూడు."

పెట్టాను. ముప్పై కిలోల వంద గ్రాములు.

"సాపుగ ఉన్నది గని లోపటికి రానియ్యరు. తక్కువ దిక్కుకే జరుగు."

ఒకటి పాయింట్ మూడు. మొత్తం ఇరవై తొమ్మిది కిలోల ఎనిమిది వందల గ్రాములు. బాపు నా వెనక వంగి చూస్తున్నాడు. నేను లెక్క చేస్తుంటే ఆయన చూడడం కూడా అదే మొదలు.

ఆడవాళ్లు మూతలు తీశారు. ఒక్కో డబ్బాలోంచి ఏడు వందల గ్రాములు తీసి బేసిన్‌లో వేశారు, ఎవరిదీ ఎక్కువ కాకుండా, ఎవరిదీ తక్కువ కాకుండా. అయిదిళ్ల తొక్కు ఒకే కుప్పయింది. అమ్మ వేడి అన్నం తెచ్చింది. "తినవయ్య, కడుపుల వేసుకున్నదాన్ని ఎవడు జోకడు" అని సారు బాపుకు ముద్ద కలిపిచ్చారు. జీపు డ్రైవర్ హారన్ కొట్టాడు. అతన్నీ పిలిచి కూర్చోబెట్టారు.

జీపు పోయాక అమ్మ సారుకు ఒక గిన్నె నిండా తొక్కు పెట్టింది. మూత దొరకలేదు. సారు నా నోట్‌బుక్ తీసుకొని గిన్నె మీద కప్పి, కాంటా భుజాన వేసుకొని ఇంటికి నడిచారు. గిన్నె కొద్దిగా వంగినట్టుంది. మా గడప నుంచి ఆయన గడప దాకా ఎర్రటి నూనె బొట్లు పడ్డాయి.

సాయంత్రం బాపు ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేశాడు. "ఒక్క డబ్బా గూడ తియ్యలేదే" అన్నాడు. అమ్మ "మంచిది" అంది.

తెల్లారి ఆమె వాకిలి ఊడుస్తుంటే చూశాను. చీపురు ఒక్కో నూనె బొట్టు దాకా వచ్చి, దాన్ని తాకకుండా పక్కకు తిరిగి, మళ్లీ ముందుకు పోతోంది.