డ్యూటీలతో పాటు మారిన గోలీ

పాపకు జడ అల్లుతున్నాను. మూడో పాయ కుడిచేతిలోంచి జారిపోయింది. మళ్లీ పట్టుకున్నాను, మళ్లీ జారింది. వేళ్లు కనిపిస్తున్నాయి, కానీ నావి కానట్టున్నాయి.

"అమ్మా, బస్సొస్తది, జల్ది అల్లు" అంది ఏడేళ్ల నా బిడ్డ. అల్లుతున్ననే అనబోతే మాట ముద్దగా వచ్చింది. దాని తమ్ముడు పకపకా నవ్వాడు.

నాకు పుట్టుకతోనే గుండెలో లోపం. చిన్నప్పుడే ఆపరేషన్ అయింది. ఇక బాగైందని ఇంట్లో అందరూ మర్చిపోయారు, నేను కూడా. రెండో కాన్పు తర్వాత గుండె లయ తప్పడం మొదలైంది. ఇట్లాంటి గుండెలో రక్తం గడ్డ కట్టి మెదడుకు పోవచ్చని డాక్టర్ చెప్పి, రోజూ ఒకే వేళకు వేసుకొమ్మని రక్తం పలుచబడే గోలీ రాశారు.

పాప కేకకు పక్క క్వార్టర్ అక్క ఉరికొచ్చింది. "ఏం తినలేదా ఏంది? ఇగో, చక్కెర నీళ్లు తాగు."

దవాఖాన అనాలి. "ద... ద..." అన్నాను. ఎడమచేత్తో గ్లాసు తోసేస్తే నీళ్లన్నీ ఆమె చీర మీద పడ్డాయి.

"పిచ్చి గిట్ల పట్టిందా నీకు?" అంటూనే నా మూతి వంకర చూసి, ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తింది. మా ఆయన మొదటి షిఫ్టులో, గని లోపల ఉన్నాడు. అక్కడికి ఫోన్ పోదు.

దవాఖాన గేటు దగ్గరికి వచ్చేసరికి వేళ్లు కదిలాయి, మాటా వచ్చింది. "తగ్గిందక్కా, ఇంటికి పోదాం" అన్నాను. అక్క నా రెక్క పట్టి లోపలికి గుంజుకుపోయింది.

"ఇయ్యాల మెదడుకు పోయిన గడ్డ దానంతటదే కరిగింది. ఇంకోసారి కరగకపోవచ్చు" అన్నారు డాక్టర్. "గోలీ ఏ టైముకు వేసుకుంటవమ్మా?"

"మా ఆయన డ్యూటీ దిగొచ్చి అన్నం తినేటప్పుడు సార్."

డాక్టర్ పెన్ను కింద పెట్టి నా వైపు చూశారు.

మా ఇంట్లో వంటా, నిద్రా అన్నీ షిఫ్టును బట్టే. వారం వారం షిఫ్టు మారితే నా గోలీ టైము కూడా మారింది. పోయిన వారం రెండో షిఫ్టు. ఆయన అర్ధరాత్రి వచ్చేసరికి నేను పిల్లల పక్కన నిద్రలో ఉండేదాన్ని. ఎన్ని గోలీలు తప్పాయో చెప్పలేకపోయాను.

సాయంత్రం ఆయన వచ్చాడు. "గోలీకి నన్ను లేపొద్దా?" అని నేనంటే, "అలసిపోయి పండుకున్నవని లేపబుద్ధి కాలె" అని తల దించుకున్నాడు.

ఆ రాత్రి నన్ను దవాఖానలోనే ఉంచారు. తెల్లారి పిల్లలొచ్చారు. ఇద్దరినీ మంచం మీద కూర్చోబెట్టుకుని ఇన్నాళ్లూ దాచింది చెప్పాను.

"నా గుండె పుట్టినప్పుడే మంచిగ లేకుండె. మల్ల నా మాట ముద్దగొచ్చినా, చెయ్యి పడిపోయినా, జల్ది పక్కింటి పెద్దమ్మను పిలువుండ్రి. దవాఖానకు తీస్కపొమ్మనుండ్రి. తగ్గిందని నేనే చెప్పినా, నా మాట ఇనకుండ్రి."