ఎత్తిన చెయ్యి

ఎలీషబా విపత్తు దళంలో కానిస్టేబులు. సెలవు మీద మార్కాపురం వచ్చినా పాస్‌పోర్టు, బూట్లు మంచం పక్కనే పెట్టుకుంటుంది. పిలుపొస్తే ఆ పూటే విమానమెక్కాలి. పరాయి దేశానికి బరువు కాకూడదని బియ్యం, నీళ్లు, డేరాలు దళమే మోసుకుపోతుంది. మొన్న అట్ల ఒక భూకంపానికి పోయినారు. కూలిన ఇంటిముందు ఆమె చెయ్యెత్తితే మిషన్లన్నీ ఆగినాయి. శిథిలాన్ని మూడుసార్లు తట్టి చెవి ఆనించింది. లోపలినుంచి ఒక పాప తిరిగి తట్టింది. పాప బతికింది.

అది విని పలకల గని యజమాని హరిబాబు ఊళ్లో సన్మానం పెట్టినాడు. పన్నెండేళ్ల కిందట ఆ గనిలోనే రాళ్లు కూలి ఆమె నాయన పోయినాడు. "మా గని బిడ్డ" అంటూ హరిబాబు ఆమె పేరు చెక్కిన పలకరాయి చేతికిచ్చినాడు. ఎలీషబా చెయ్యెత్తింది. సభంతా నిశ్శబ్దమైంది. రాయిని బల్ల మీద పెట్టి, రెండో చేత్తో మూడుసార్లు తట్టి, చెవి ఆనించి, చాలాసేపు వినింది.

"నాయన మీద రాళ్లు కూలిన రోజు ఇంతసేపే అడిగింటి మామా. మిషను ఆపమని నీ కాళ్లు పట్టుకుంటిని. పని నిలిచిపోతాదంటివి."

హరిబాబు మైకు అందుకోబోయినాడు. ఎలీషబా ఎత్తిన చెయ్యి దించలేదు.