బావ చెల్లదన్న గోలు

శనివారం. పొద్దున్నే కాలేజీ జట్టు కోసమని ఫుట్‌బాల్ నియమాలు చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను... లేచి నిలబడి మళ్ళీ చదివాను. ఒళ్ళు మండిపోయింది.

మా చిన్నప్పుడు ముక్తేశ్వరంలో కోతలయ్యాక చేనే మా మైదానం. ఒలిచిన కొబ్బరి డొక్కలు రెండు గుట్టలుగా పోస్తే గోలు. బంతి మాత్రం మా మేనత్త కొడుకు నాని బావది... మావయ్య మస్కట్ నుంచి తెచ్చాడు. బంతి బావది కాబట్టి రూలూ బావదే.

నన్నెప్పుడూ గోలు కాసే గోలీగానే నిలబెట్టేవాడు. ముందు వరసలో ఆడి గోలు కొడతానని ఒకరోజు పోరు పెట్టాను.

"సరే, ఇవాళ ముందాడు. గోలు కొడితే రోజూ ముందే. కొట్టలేదా, ఇంకెప్పుడూ అడక్కు."

నా స్నేహితురాలు వరం బంతిని ముందుకు తన్నింది. అప్పటికి నాకూ గోలుకీ మధ్య గోలీ కాక ఇద్దరు కుర్రాళ్ళున్నారు. వాళ్ళ మధ్యలోంచి దూసుకుపోయి, బంతి అందుకుని కొట్టాను... గోలు!

"ఆఫ్‌సైడ్!" అవతలి జట్టులోంచి బావ అరిచాడు. "బంతి అందేసరికి ఎక్కడున్నావే? అందరికంటే ముందున్నావా, లేదా?"

"ఆయ్, ఉన్నాను. పరిగెత్తాను కదా బావా!"

"అదే తప్పు. పో, గోల్లో నిలబడు."

వరం ఊరుకోలేదు. "అందరం చూసేమండి! గోలేనండి!"

"అయితే నీ బంతి తెచ్చుకుని ఆడుకో."

అంతే... వేగంగా పరిగెత్తడమే నేరమని ఇన్నాళ్ళూ నమ్మాను.

ఇవాళ చదివిన వాక్యం వేరేలా ఉంది. చూడాల్సింది బంతి అందినప్పుడు కాదు... తోటివాళ్ళు బంతిని తన్నిన క్షణంలో మనం ఎక్కడున్నామని. క్షణం... ఎంత చిన్న మాట! ఆ క్షణంలో ఆ ఇద్దరు కుర్రాళ్ళూ ఇంకా నా ముందే ఉన్నారు... నేను సరైన చోటే ఉన్నాను.

బావకి ఫోన్ చేసి చదివి వినిపించాను.

"ఇంకా మర్చిపోలేదేంటే? ఆటే కదా!" నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. వెనక పిల్లల అరుపులు... ఈ సెలవుల్లో బావ అదే చేలో పిల్లల్ని ఆడిస్తున్నాడు. మా చెల్లి కూడా వెళ్తోంది.

"చెల్లి ఎక్కడాడుతోంది?"

"గోల్లో. ఆడపిల్ల కదే."

డొక్కల గుట్టలు పోయి వెదురు స్తంభాలొచ్చాయి, నైలాన్ వలొచ్చింది... బావ మాత్రం మారలేదు. మీ ఆటల్లోనూ ఇలాంటివాడొకడు ఉండే ఉంటాడు. మీ ఏ గోలు చెల్లదన్నాడో కింద రాయండి, మొహమాటపడకండి.

నేను రేపు పొద్దున్నే మొదటి బస్సెక్కి ఊరెళ్తున్నాను. చెల్లి ముందాడుతుంది. గోల్లో బావ నిలబడతాడు.