ప్రశ్నార్థకాలుగా మారిన ఒత్తులు

కొత్త ల్యాప్‌టాప్‌కు పెన్‌డ్రైవ్ పెట్టి, దాంట్లోని చెల్లెలి ఫైలు నేరుగా తెరిస్తే అందులో తెలుగు కనిపించలేదు. ఇంగ్లిషు అక్షరాలు, చుక్కలు, గీతలు కలగాపులగంగా ఉన్నాయి. కొత్త పద్ధతిలో భద్రపరచాలా అని తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. అలా చేస్తే సర్దుకుంటుందనుకుని నేనే ‘సరే’ నొక్కాను. తనకు తెలియని ప్రతి గుర్తునూ ల్యాప్‌టాప్ ప్రశ్నార్థకంగా మార్చి దాచుకుంది. చెల్లెలి ఆరేళ్ల పరిశోధనకు మిగిలిన ఒకే ఒక్క ప్రతి అది.

చెల్లెలు హన్మకొండలో జూనియర్ కాలేజీ లెక్చరర్. నెక్కొండ చుట్టుపక్కల ఊళ్లలో నాట్లకు, కలుపులకు పోయే ఆడవాళ్ల మాటల మీద పీహెచ్‌డీ చేస్తోంది. నిఘంటువుల్లో లేని మాటలనే ఏరుకుంది. ఆదివారాలు రైలెక్కి పోయి, గట్ల మీద కూర్చుని నోటుబుక్కుల్లో రాసుకొచ్చి, మా ఇంట్లో టైపు చేసేది. ఆ కంప్యూటర్ నేను పనిచేసిన పత్రిక మూతపడినప్పుడు తెచ్చుకున్నది. అందులోని ఫాంటు మా పత్రిక కోసమే చేయించినది; అది లేనిచోట ఆ రాత తెలుగులా కనిపించదు. దాని కీబోర్డు ఆమెకు నేర్పింది నేనే. టైపు చేసిన నోటుబుక్కులను పాత పేపర్లతో పాటు వేసేయమన్నదీ నేనే. పేజీ కట్టాక కాపీ దాచుకునే అలవాటు మా డెస్కులో ఎవరికీ ఉండేది కాదు.

థీసిస్ గడువు దగ్గరపడే వేళకు ఆ కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోసాగింది. ఇద్దరం చౌరస్తా దగ్గరి దుకాణానికి వెళ్లాం.

“మేడమ్, ఇది చూడుండ్రి. పువ్వోలె ఉంటది, భుజానికి ఏసుకుంటే ఎర్కనే కాదు,” అన్నాడు దుకాణదారు.

“బరువు ఫికర్ లేదన్నా. నా పాత ఫైళ్లు దీంట్ల తెరుసుకుంటయా?” అని అడిగింది చెల్లెలు.

“తెలుగేనా అమ్మా? మస్తుగొస్తది,” అంటూ అతను తన పేరు టైపు చేసి చూపించాడు. ఒత్తుతో సహా చక్కగా వచ్చింది.

ఆమెకు నమ్మకం కుదరలేదు. “పెన్‌డ్రైవ్ తెచ్చి ఒక్కసారి పెట్టి చూద్దాం. రేపొద్దామా?” అంది నాతో.

“ముప్పై ఏండ్లు తెలుగు పేజీలు పెట్టినోన్ని. నాకు చెప్తవా? అన్నీ తెరుసుకుంటయి.”

“పేపరోనివి గదా, అన్నీ నీకే ఎర్క,” అని నవ్వి ఊరుకుంది.

కీలు మెత్తగా ఉన్నాయా, తెర కళ్లకు హాయిగా ఉందా అని నేను చాలాసేపు చూశాను. ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పాత కంప్యూటర్‌ను తుడిచేసి, మర్నాడు అక్కడే మార్పిడికి ఇచ్చేశాం. ఆ సాయంత్రమే పెన్‌డ్రైవ్‌లోని ఫైలునే తెరిచి నేను ‘సరే’ నొక్కింది.

తర్వాత మా పాత ఫాంటును ఒక సహోద్యోగి దగ్గర సంపాదించి వేయించాను. అక్షరాలు చాలావరకు తిరిగొచ్చాయి. ఒత్తులు, కొన్ని గుణింతాలు రాలేదు. వాటి చోట ప్రశ్నార్థకాలే. మామూలు వాక్యాలను ఊహతో బాగు చేసుకోవచ్చు. ఒత్తు పోయినా నెక్కొండ నెక్కొండే అని తెలిసిపోతుంది. ఎక్కడా రాసి లేని మాటలను దేన్ని చూసి సరిదిద్దాలి?

“కావాలని చేసినవా అన్నా, ఊకో,” అంది చెల్లెలు. అంతకన్నా తిట్టి ఉంటేనే బాగుండేది.

ఒకచోట అర్థం చెక్కుచెదరలేదు: నాటు వేస్తూ నడుము లేపి ఒక్క క్షణం నిలబడటం. మాట దగ్గర మాత్రం మొదట ‘స’, చివర ‘ల’, నడుమ రెండు ప్రశ్నార్థకాలు. ఆ మాట చెప్పిన ఆమె నిరుడు చనిపోయింది. చెల్లెలు మళ్లీ ఆ ఊరు పోయి ఇద్దరు ముసలమ్మలను అడిగింది. చెరో మాట చెప్పారు. “దానికి నాటెయ్యనే రాదు, మాటెట్ల వస్తది బిడ్డా?” అని ఒకామె రెండో ఆమెను ఎగతాళి చేసిందట. ఆ రెండు మాటల్లో ఏదీ ‘స’తో మొదలు కాదు.

అలాంటి మాటలు నూట పద్నాలుగు ఉన్నాయి. గడువు మార్చి దాకా పొడిగించారు. అవి లేకుండానే థీసిస్ ఇస్తుందో, మానుకుంటుందో చెల్లెలు ఇంకా చెప్పలేదు.